చేతిలో ఒకరి ఫోను, అందులో మరొకరి యాప్‌లు

ఐఫోన్ వాడేవాళ్ల మొదటి తెర చూస్తే చాలామందికి మెయిల్‌కు జీమెయిల్, దారి చూసుకోవడానికి గూగుల్ మ్యాప్స్, ఆఫీసు పనికి అవుట్‌లుక్, నెట్ చూడటానికి క్రోమ్ కనిపిస్తాయి. ఈ పనులన్నిటికీ యాపిల్ సొంత యాప్‌లను ఎక్కించే ఫోను ఇస్తుంది. అవి రెండో పేజీకో, ఏదో ఒక ఫోల్డర్‌లోకో వెళ్లిపోతాయి. ఇలా ఎందుకు జరుగుతుంది? "వేరేవాళ్ల యాప్ ఇంకా బాగుంటుంది కాబట్టి" అంటే అది సగం జవాబే. మిగతా సగం తెలియాలంటే ఈ కంపెనీల మధ్య స్నేహం ఎలా మొదలై ఎక్కడ చెడిందో చూడాలి.

2007 జనవరి 9న మొదటి ఐఫోన్‌ను ప్రకటించిన వేదిక మీదికి అప్పటి గూగుల్ సీఈఓ ఎరిక్ ష్మిట్ కూడా వచ్చాడు. అప్పటికి ఆయన యాపిల్ బోర్డు సభ్యుడు. ఆ ఫోనులోని మ్యాప్స్, యూట్యూబ్ యాప్‌లను రాసింది యాపిల్ ఇంజినీర్లు. లోపలి పటాలు, వీడియోలు మాత్రం గూగుల్‌వి. యాప్ స్టోర్ 2008 జులైలో గానీ రాలేదు. అంటే బయటి యాప్ ఒక్కటి కూడా లేని రోజుల్లోనే గూగుల్ సేవలు ఐఫోన్‌లో భాగం. ఐఫోన్ వచ్చిన 2007 నవంబరులోనే గూగుల్ ఆండ్రాయిడ్‌ను ప్రకటించింది. రెండు కంపెనీలూ ఒకే వ్యాపారంలోకి వచ్చేసరికి ఒకే బల్ల దగ్గర కూర్చోవడం కుదరలేదు. 2009 ఆగస్టులో ష్మిట్ బోర్డు నుంచి తప్పుకున్నాడు.

తెగదెంపుల ప్రభావం జనానికి తగిలింది మ్యాప్స్ దగ్గరే. మలుపు మలుపుకూ గొంతుతో దారి చెప్పే నావిగేషన్‌ను గూగుల్ 2009 చివర్లో ఆండ్రాయిడ్‌కు ఇచ్చింది. ఐఫోన్ మ్యాప్స్‌లో అది లేదు. మూడేళ్లు అలాగే గడిచాక, 2012 సెప్టెంబరు 19న విడుదలైన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 6లో యాపిల్ గూగుల్ పటాలను తీసేసి సొంత పటాలు పెట్టింది. గొంతుతో దారి చెప్పడం వచ్చింది గానీ పటంలోని సమాచారమే తప్పులతడక. ఊళ్లు ఉండాల్సిన చోట లేవు. వంతెనలు కరిగి వంగినట్టు కనిపించాయి. ఆస్ట్రేలియాలో మిల్డ్యూరా అనే పట్టణాన్ని అసలు చోటుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ఓ జాతీయ పార్కు నడిమధ్యన చూపించింది. నమ్మి వెళ్లినవాళ్లు నీళ్లు దొరకని ఎండలో చిక్కుకుపోవడంతో, ఆ యాప్‌ను నమ్మి బయల్దేరవద్దని విక్టోరియా పోలీసులు డిసెంబరులో హెచ్చరించాల్సి వచ్చింది.

అంతకు ముందే, సెప్టెంబరు 28న యాపిల్ సీఈఓ టిమ్ కుక్ బహిరంగంగా క్షమాపణ లేఖ రాశాడు. మా మ్యాప్స్ మెరుగయ్యేలోగా బింగ్, మ్యాప్‌క్వెస్ట్, వేజ్ లాంటివి వాడుకోండి, లేదా గూగుల్, నోకియా మ్యాప్స్ వెబ్‌సైట్లను హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోండి అని అందులో ఉంది. పోటీ కంపెనీ దగ్గరికి దారి చూపించింది సాక్షాత్తూ యాపిల్ అధిపతే. గూగుల్ మ్యాప్స్ డిసెంబరు రెండో వారంలో ఐఫోన్‌కు విడి యాప్‌గా వచ్చింది. రెండు రోజుల్లో కోటికి పైగా డౌన్‌లోడ్లు అయ్యాయని గూగుల్ చెప్పింది. యాపిల్ మ్యాప్స్ ఆ తర్వాత ఎంతో బాగుపడింది. కానీ ఇల్లు, ఆఫీసు అని గుర్తు పెట్టుకున్న చోట్లు, సేవ్ చేసుకున్న జాబితాలు, తిరిగిన దారుల చరిత్ర అప్పటికే గూగుల్ ఖాతాలో పేరుకుపోయాయి. ఒకసారి అటు వెళ్లినవాళ్లు వెనక్కి రాకపోవడానికి అసలు కారణం ఇదే. ఫోను రెండు మూడేళ్లకు మారుతుంది, ఖాతా మాత్రం పదిహేనేళ్లయినా అదే ఉంటుంది.

మెయిల్‌ది ఇంకో దారి. గూగుల్ ఉచిత ఖాతాలకు ఒకప్పుడు ఎక్స్ఛేంజ్ యాక్టివ్‌సింక్ అనే పద్ధతిలో ఐఫోన్ సొంత మెయిల్ యాప్‌కు కూడా ఉత్తరం వచ్చిన క్షణమే తెలిసేది. 2013 జనవరి 30 నుంచి కొత్తగా పెట్టుకునే ఉచిత ఖాతాలకు గూగుల్ దాన్ని ఆపేసింది. అప్పట్నుంచి జీమెయిల్ ఖాతాను యాపిల్ మెయిల్‌లో కొత్తగా పెట్టుకుంటే 'ఫెచ్' పద్ధతి ఒక్కటే మిగిలింది. అంటే ఫోనే పావుగంటకో అరగంటకో వెళ్లి ఉత్తరాలు వచ్చాయా అని అడిగి రావాలి. అందులో 'ఆటోమేటిక్' అని పెడితే, చార్జింగ్‌లో ఉండి వైఫై అందినప్పుడే నేపథ్యంలో తెస్తుంది. మెయిల్‌కు వచ్చిన ఓటీపీ యాప్ తెరిచేదాకా కనిపించలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మెయిల్, అందులో మెయిల్ అకౌంట్స్, చివర 'ఫెచ్ న్యూ డేటా'లోకి వెళ్లి 15 నిమిషాలకు మార్చుకోవచ్చు. వెంటనే కావాలంటే జీమెయిల్ యాప్ పెట్టుకోవడమే.

క్రోమ్ ఉదాహరణ ఇంకా గట్టిది. ఐఫోన్‌లో ఏ కంపెనీ బ్రౌజర్ అయినా పేజీలను తెర మీద చూపించడానికి లోపల యాపిల్ వెబ్‌కిట్ ఇంజినే వాడాలన్నది పాత నియమం. 2012 జూన్‌లో వచ్చిన క్రోమ్‌కు ఆ ఇంజిన్ పాత రూపమే దక్కింది. వెబ్ పేజీల్లోని ప్రోగ్రామ్ కోడ్ అయిన జావాస్క్రిప్ట్‌ను వేగంగా నడిపే భాగం సఫారీకే ఉండేది. 2014లో ఐఓఎస్ 8 ఆ భాగాన్ని బయటివాళ్లకూ తెరిచినా, క్రోమ్ దానికి మారింది 2016 జనవరిలో. ఆ మూడున్నరేళ్లూ ఐఫోన్‌లో క్రోమ్ నిజంగానే సఫారీ కన్నా నెమ్మది. అయినా వాడారు, ఎందుకంటే ఇంట్లో కంప్యూటర్లో క్రోమ్ ఉంది. పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, అక్కడ తెరిచి వదిలేసిన ట్యాబ్‌లు అందులో ఉన్నాయి. వేగం తక్కువైనా తమ సమాచారం ఉన్న చోటికే జనం వెళ్లారు. కేవలం పాస్‌వర్డ్‌ల కోసమే క్రోమ్‌ను అంటిపెట్టుకున్నవాళ్లకు ఇప్పుడు ఆ అవసరం లేదు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో 'ఆటోఫిల్ అండ్ పాస్‌వర్డ్స్'లో క్రోమ్‌ను ఆన్ చేస్తే అవే పాస్‌వర్డ్‌లు సఫారీలోనూ, మిగతా యాప్‌లలోనూ వస్తాయి.

మరి పోటీదారు ఫోనుకు ఇంత శ్రద్ధగా యాప్‌లు ఎందుకు రాసిస్తారు? ఎవరి రాబడి ఎక్కడుందో చూస్తే తెలుస్తుంది. గూగుల్‌కు డబ్బు ప్రధానంగా ప్రకటనల నుంచి వస్తుంది కాబట్టి మనుషులు ఎక్కడుంటే అక్కడ ఉండి తీరాలి. సఫారీలో వెతికితే ముందుగా గూగులే రావడానికి 2022లో ఆ కంపెనీ యాపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు కట్టిందని అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య కేసులో బయటపడింది. యాపిల్‌ది దీనికి తిరగేసిన లెక్క. దానికి ప్రధాన ఆదాయం పరికరం అమ్మితేనే వస్తుంది. యాపిల్ మ్యూజిక్‌లా నెలనెలా చందా తెచ్చేదాన్ని 2015లోనే ఆండ్రాయిడ్‌కు ఇచ్చింది గానీ, యాపిల్ పరికరాల మధ్య మెసేజ్‌లు పంపుకునే ఐమెసేజ్‌ను ఇవ్వలేదు. యాపిల్ మీద ఎపిక్ గేమ్స్ అనే గేమ్‌ల కంపెనీ వేసిన కేసులో బయటికొచ్చిన పాత ఈమెయిళ్లలో కారణం సూటిగానే ఉంది: ఆండ్రాయిడ్‌లో ఐమెసేజ్ ఉంటే, ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వడానికి ఉన్న అడ్డు తొలగిపోతుందని. ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ ఉన్న స్నేహబృందాలు, కుటుంబాలు వాట్సాప్‌లో కలుసుకోవడానికి ఈ నిర్ణయం కూడా ఒక కారణం.

మైక్రోసాఫ్ట్ ఓడిపోయి ఈ దారికి వచ్చింది. విండోస్ ఫోన్‌కు గూగుల్ యూట్యూబ్ యాప్ రాయలేదు. 2013లో మైక్రోసాఫ్టే రాసుకుంటే గూగుల్ అడ్డుకుంది. రోజూ కావాల్సిన యాప్ లేని ఫోనును కొనేవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. 2014 మార్చిలో ఐప్యాడ్‌కు ఆఫీస్ వచ్చింది. అదే ఏడాది చివర్లో అకాంప్లి అనే చిన్న కంపెనీని కొని, దాని యాప్‌నే 2015 జనవరిలో అవుట్‌లుక్ పేరుతో ఐఫోన్‌కూ ఆండ్రాయిడ్‌కూ ఇచ్చారు. 2019లో విండోస్ 10 మొబైల్ వాడేవాళ్లను ఆండ్రాయిడ్‌కో ఐఫోన్‌కో మారమని మైక్రోసాఫ్టే చెప్పింది. సొంత ఫోను లేకపోయాక, ఎదుటివాళ్ల ఫోన్లలో అతిథిగా ఉండటమే దాని వ్యాపారం.

ఆండ్రాయిడ్‌లో ఒకే పనికి రెండేసి యాప్‌లు కనిపించేది ఒప్పందాల వల్ల. సామ్‌సంగ్ ఫోనులో సామ్‌సంగ్ ఇంటర్నెట్, క్రోమ్ పక్కపక్కనే ఉంటాయి. ప్లే స్టోర్ కావాలంటే సెర్చ్ యాప్, క్రోమ్ కూడా ముందుగా ఎక్కించాలని ఫోను తయారీదారులకు గూగుల్ షరతు పెట్టింది. ఇది చట్టవిరుద్ధమని ఐరోపా కమిషన్ 2018 జులైలో 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. గూగుల్ యాప్‌లు లేకపోతే ఏమవుతుందో చైనా ఫోను కంపెనీ హువావే చూపించింది. 2019 మేలో అమెరికా ఆంక్షలు పడ్డాక అది విడుదల చేసిన కొత్త మోడళ్లకు గూగుల్ సేవలు రాలేదు. కెమెరా, బ్యాటరీ ఎంత గొప్పగా ఉన్నా, జీమెయిల్‌కూ యూట్యూబ్‌కూ అలవాటుపడిన దేశాల్లో ఆ ఫోన్ల అమ్మకాలు పడిపోయాయి.

ఇన్‌స్టాల్ చేసుకోవడం ఒక ఎత్తు, లింకు నొక్కగానే అదే తెరుచుకోవడం ఇంకో ఎత్తు. ఆండ్రాయిడ్ మొదటినుంచీ ఏ యాప్‌తో తెరవాలని అడుగుతూ వచ్చింది. ఐఫోన్‌లో బ్రౌజర్‌నూ మెయిల్‌నూ డిఫాల్ట్‌గా మార్చుకునే వీలు 2020 సెప్టెంబరులో ఐఓఎస్ 14తో గానీ రాలేదు. వచ్చిన మొదటి వారంలో, ఫోను ఆపి మళ్లీ వెలిగిస్తే మనం పెట్టుకున్నది పోయి సఫారీ, మెయిల్ తిరిగొచ్చేవి. 14.0.1తో అది సరిచేశారు. 18.2 నుంచి అన్నీ ఒకేచోట ఉన్నాయి: సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్. ఐరోపా సమాఖ్య దేశాల్లో 18.4 నుంచి నావిగేషన్ యాప్‌ను కూడా అక్కడే మార్చుకోవచ్చు. ఆ వీలు లేనిచోట కాంటాక్ట్స్‌లో చిరునామా నొక్కితే యాపిల్ మ్యాప్సే తెరుచుకుంటుంది. అప్పుడు చిరునామాను కాపీ చేసుకుని గూగుల్ మ్యాప్స్‌లో అతికించుకోవాల్సిందే.

ఆండ్రాయిడ్‌లోనూ ఒక మెలిక ఉంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, ఒక వెబ్ చిరునామా తనదేనని యాప్ నిరూపించుకోకపోతే ఆ లింకు నేరుగా బ్రౌజర్‌లోకే పోతుంది. యాప్ ఉన్నా లింకులు అందులో తెరుచుకోకపోతే, ఐకాన్‌ను నొక్కిపట్టి యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, 'ఓపెన్ బై డిఫాల్ట్'లో ఆ చిరునామాలను మనమే ఆన్ చేయాలి.

ఇద్దరి యాప్‌లూ కలిపి వాడటంలో నిజంగా నష్టం జరిగేది ఫొటోల దగ్గర. ఐఫోన్‌లో ఐక్లౌడ్ ఫొటోస్, గూగుల్ ఫొటోస్ రెండూ ఆన్ చేసుకునేవాళ్లు చాలామంది. ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీ, గూగుల్‌లో 15 జీబీ. ఆ 15లోనే మెయిల్, డ్రైవ్ కూడా. ఒకప్పుడు గూగుల్ కొద్దిగా కుదించిన ఫొటోలను లెక్కలోకి తీసుకునేది కాదు, 2021 జూన్ 1తో అది ఆగిపోయింది. ఫోనులో 'ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్' ఆన్‌లో ఉంటే అసలు ఫొటో ఐక్లౌడ్‌లో ఉండి ఫోనులో చిన్న నకలే ఉంటుంది. గూగుల్ ఫొటోస్ ఒక్కోదాన్ని కిందికి దించుకుని మళ్లీ పైకి ఎక్కించాలి. యాప్‌ను వదిలి బయటికొస్తే ఐఓఎస్ కాసేపటికి ఆ పనిని ఆపేస్తుంది. వేల ఫొటోలుంటే ఫోనును చార్జింగ్‌లో పెట్టి, వైఫైలో, యాప్ తెరిచే ఉంచి రాత్రంతా వదిలేయడం మంచిది.

అది పూర్తయ్యాక గూగుల్ ఫొటోస్ ఫోనులో ఖాళీ చేసుకోమని సూచిస్తుంది. తొందరపడి ఒప్పుకోవద్దు. అది ఫోనులో తీసేసిన ఫొటో ఐక్లౌడ్ నుంచీ, అదే ఖాతాతో ఉన్న ఐప్యాడ్ నుంచీ, మ్యాక్ నుంచీ కూడా పోతుంది. అనుమతి అడిగే చిన్న పెట్టెలో ఆ మాట ఉంటుంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. పొరపాటు జరిగితే యాపిల్ ఫొటోస్‌లో 'రీసెంట్లీ డిలీటెడ్' తెరవండి. 30 రోజుల దాకా అక్కడ ఉంటాయి. ఖాళీ చేసే ఉద్దేశం ఉంటే ముందు సెట్టింగ్స్‌లో ఐక్లౌడ్ ఫొటోస్‌ను ఆపి, అసలు ఫొటోలు ఫోనులోకి దిగేదాకా ఆగి, ఆ తర్వాతే గూగుల్ ఫొటోస్‌కు ఆ పని అప్పగించాలి.