కడుపు మాడ్చుకుంటే క్యాన్సర్ పోతుందా? ఆ మాట వెనక కథ

కర్నూలు పెద్దాసుపత్రిలో రెండో కీమో అయిన రోజు మా చిన్నత్త క్యారియర్ మూత తీసి, రాగిసంగటి చూసి, మళ్లీ మూసేసింది. "తింటే ఆ రోగానికి మేత వేసినట్లేనంట నాయనా. కడుపు మాడ్చుకుంటే చెడ్డ కణాలను ఒళ్లే తినేస్తుందంట" అంది. ఫోన్లో వచ్చిన మెసేజ్. నాకు గుండె ఆగినంత పనైంది.

ఆ మెసేజ్ పూర్తిగా గాలి కబురని కొట్టేయలేం. 1963లో క్రిస్టియన్ డి డూవ్ అనే బెల్జియం శాస్త్రవేత్త, కణం తన భాగాలను తానే అరిగించుకోవడానికి ఆటోఫేజీ అని పేరు పెట్టాడు. 1990ల మొదట్లో జపాన్‌లో యోషినోరి ఒసుమి, రొట్టెలు పొంగించే ఈస్ట్‌కు పోషకాలు అందకుండా చేసి ఆ పనిని మైక్రోస్కోపులో చూశాడు. 2016లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఉపవాసం మాట అక్కడి నుంచే పాకి ఉండొచ్చు. అయితే ఆయన పస్తు పెట్టింది ఈస్ట్‌ను, కీమోలో ఉన్న మనిషిని కాదు.

క్యాన్సర్ దగ్గర అసలు సంగతి మైటోకాండ్రియాది. కణం లోపల ఉండి, తిన్న తిండిని ఏటీపీగా, అంటే కణం వాడుకునే శక్తిగా మార్చేవి ఇవే. (1929లో ఏటీపీని బయటపెట్టిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) ఇవి పాడైతే డీఎన్ఏను దెబ్బతీసే ఆక్సిజన్ రసాయనాలు ఎక్కువగా వదులుతాయి, ఆ దెబ్బే క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. బాగున్న మైటోకాండ్రియాలోకి పింక్1 అనే ప్రోటీన్ వెళ్లి అక్కడే ముక్కలైపోతుంది. పాడైనదాంట్లోకి వెళ్లలేక పైపొర మీదే నిలబడిపోతుంది, పార్కిన్ అనే ఇంకో ప్రోటీన్‌ను పిలుస్తుంది. పార్కిన్ గుర్తులు వేస్తుంది. ఆ గుర్తులు పడ్డదాన్ని ఒక పొర చుట్టేసి, అరిగించే సంచిలోకి చేరుస్తుంది. దీన్నే మైటోఫేజీ అంటారు. పార్కిన్ అలా వచ్చి చేరుతుందని 2008లో అమెరికాలో రిచర్డ్ యూల్ బృందం చూపింది, పార్కిన్సన్ జబ్బు కారణాలు వెతుకుతూ.

పార్కిన్ జన్యువు కొన్ని క్యాన్సర్ గడ్డల్లో తెగిపోయి కనిపించింది. అది లేని ఎలుకలకు కాలేయంలో గడ్డలు వచ్చాయి. అంటే ఈ శుభ్రత మనల్ని కాపాడుతోందనే కదా! కానీ 2011 నాటి పరిశోధనల్లో కథ అడ్డం తిరిగింది. కణం పెరుగుదలను నడిపే రాస్ అనే జన్యువు చెడి పెరిగే గడ్డలకు బతకడానికి ఇదే శుభ్రత కావాలి. ఆటోఫేజీని ఆపితే పాడైన మైటోకాండ్రియా పేరుకుపోయి ఆ గడ్డలే నీరసించాయి. డాక్టర్లు దీన్ని అడ్డుకోవడానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందును రోగుల మీద పరీక్షించారు కూడా. మెసేజ్ రాసినవాళ్లు ఈ సగం చెప్పలేదు.

ఇదంతా అత్తకు చెప్పలేదు. "బరువు తగ్గితే తర్వాతి కీమో వాయిదా పడొచ్చు అత్తా" అన్నాను. కాసేపు నా మొహం చూసి, క్యారియర్ దగ్గరికి లాక్కుంది.