దొమ్మ రోగం: కావలి కణాల నోరు నొక్కే విషం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"గొర్రె ఒంట్లోనూ తెల్ల రక్తకణాలు ఉంటాయి కదా, అవి దొమ్మ రోగాన్ని ఎందుకు ఆపలేకపోయాయి?" అని సెలవుల్లో మీరడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. సాయంత్రం దాకా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చిపడి ఉండటమూ, దాని ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారటమూ పశువైద్యుడిగా చాలాసార్లు చూసినవాణ్ణి కనుక, ఈసారి వివరంగా రాస్తున్నాను.

దొమ్మ రోగమంటే ఆంత్రాక్స్. దానికి కారణం బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బ్యాక్టీరియా అని 1876లో రాబర్ట్ కాక్ నిరూపించాడు. మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా పడివుండే దాని స్పోర్లు (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే బ్యాక్టీరియా రూపాలు) మేతతో పాటు పశువు ఒంట్లోకి వెళ్తాయి. అక్కడ వాటిని ముందుగా ఎదుర్కొనేవి, తెల్ల రక్తకణాల కుటుంబానికే చెంది, ఏ శిక్షణా లేకుండానే పుట్టుకతో కాపలా కాసే మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్‌లు. మాక్రోఫేజ్ స్పోరును మింగుతుంది. అయితే కొన్ని స్పోర్లు ఆ కణంలోనే మొలకెత్తి, విషాన్ని తయారుచేయడం మొదలుపెడతాయి.

ఆ విషం మూడు ప్రోటీన్ల జట్టు. వాటిలో ఏదీ ఒంటరిగా హాని చేయలేదు. మొదటిది కణం పైపొర మీది గ్రాహకానికి అతుక్కుంటుంది. కణానికి చెందిన ఎంజైమే దాన్ని కొంత కోస్తుంది. అలా కోసిన ముక్కలు సాధారణంగా ఏడు చేరి ఉంగరంలా ఏర్పడితే, మిగిలిన రెండు ప్రోటీన్లు దానిమీద ఎక్కుతాయి. కణం ఆ మొత్తాన్ని ఒక చిన్న తిత్తిలో లోపలికి లాక్కుంటుంది. ఆ తిత్తిలో ఆమ్లం పెరగడం మామూలే. కానీ ఆ ఆమ్లం తగలగానే ఉంగరం సన్నని గొట్టంగా మారి, తిత్తి గోడకు చిల్లు పెట్టి, తక్కిన రెండింటినీ కణం లోపలికి దాటిస్తుంది. కణం సొంత పనిముట్లే దానికి శత్రువులవుతాయన్నమాట. నాకు ఇన్నేళ్లయినా ఆశ్చర్యం తీరని ఘట్టమిది.

లోపలికి చేరిన వాటిలో ఒకటి మారణ కారకం. బయటి హెచ్చరికను కణం లోపలికి చేరవేసే ఎంఈకే అనే ప్రోటీన్లను అది కత్తిరిస్తుంది. దాంతో మాక్రోఫేజ్ తోటి కణాలను పిలిచే రసాయనాలను సరిగా విడుదల చేయలేదు. రెండోది వాపు కారకం; అది కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థాన్ని విపరీతంగా పెంచుతుంది. కావలి కణం ఉద్రేకాన్ని తగ్గించడానికి శరీరం వాడుకునే సంకేతమే అది. వరదలా పెరిగేసరికి న్యూట్రోఫిల్ మింగడంలోనూ, మింగినదాన్ని చంపడంలోనూ మందగిస్తుంది. కణాలు చావకపోయినా కాపలా ఆగిపోయినట్టే. ఈ విషానికి గ్రాహకం కావలి కణాల మీద లేకుండా పెంచిన ఎలుకలు ఈ బ్యాక్టీరియాను తట్టుకుని బతికాయని 2010లో తేలింది. బ్యాక్టీరియా మొదట ఎవరి మీద గురిపెడుతుందో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

కాపలా పోయాక బ్యాక్టీరియా రక్తంలో అడ్డు లేకుండా పెరుగుతుంది, విషమూ పేరుకుంటుంది. 1950ల దశకంలో హ్యారీ స్మిత్ అనే శాస్త్రవేత్త బృందం గినీ పందుల మీద చేసిన పరిశోధనలో, ఒక దశ దాటాక మందుతో బ్యాక్టీరియాను తొలగించినా అవి చనిపోయాయి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది కానీ అప్పటికే రక్తంలో చేరిన విషాన్ని తీసివేయలేదు.

ఆ జట్టులో తలుపు తీసే మొదటి ప్రోటీన్ పేరు రక్షక యాంటిజెన్. ఇంత కీడు చేసేదానికి ఆ పేరేమిటని మీరు తప్పక అడుగుతారు. టీకా వేసినప్పుడు శరీరం ముఖ్యంగా దీనిమీదే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి దానికి అంటుకుంటే విషం కణంలోకి చేరే దారి మూసుకుపోతుంది. ఆ ప్రతిరక్షకాలు తయారవడానికి రోజులు పడుతుంది, రోగం మాత్రం ఒక్క రాత్రిలో గొర్రెను పడగొట్టగలదు. అందుకే రోగం వచ్చే ఊళ్లలో వానాకాలానికి ముందే మందకు టీకా వేయించమని కాపరులను అంతగా బతిమాలేవాణ్ణి.

మీ తాతయ్య