కోలీ కుక్కలు: బరంపురంలో నేను రోజూ వినే అపోహలు, చూసిన వాస్తవాలు

బరంపురంలో కుక్కలకి ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టి పద్నాలుగేళ్ళయింది. మా మల్లి రఫ్ కోలీ, వయసు ఏడేళ్ళు. వారంలో రెండు సాయంత్రాలు నాతో వృద్ధాశ్రమానికి థెరపీ కుక్కగా, అంటే అక్కడివాళ్ళకి ఊరటనిచ్చే తోడుగా వస్తుంది. మిగతా రోజుల్లో మా పెరట్లో ప్లాస్టిక్ పైపులతో కట్టిన అడ్డంకుల మధ్య అజిలిటీ, అంటే అడ్డంకులు దాటే పరుగుపోటీకి, సాధన చేస్తుంది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని మనవాళ్ళు ఈ జాతి గురించి ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. ఎక్కువమంది పొరబడే సంగతులు ఇక్కడ రాస్తున్నాను. వీటిలో ఇంజెక్షన్ సంగతి ప్రాణాల మీదికి తెచ్చేది. మిగతావి వదిలేసినా అదొక్కటి చదవండి.

అపోహ: కోలీ అంటే బోర్డర్ కోలీయే.

వాస్తవం: రెండూ స్కాట్లాండ్, ఇంగ్లాండ్ వైపు గొర్రెల కాపరుల కుక్కలే గానీ జాతులు వేరు. రఫ్ కోలీకి పొడుగు ముక్కు, మెడ చుట్టూ జూలు, 23 నుంచి 34 కిలోల బరువు ఉంటాయి. స్మూత్ కోలీ కూడా అలాంటిదే, బొచ్చు మాత్రం పొట్టి. బోర్డర్ కోలీ వీటికంటే చిన్నది, చురుకు ఎక్కువ. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క సంతతే ఈనాటి బోర్డర్ కోలీలు దాదాపు అన్నీ.

బోర్డర్ కోలీ పని చూపుతో చేస్తుంది. తల వంచి, ఒళ్ళు నేలకి ఆనించినట్టు నడుస్తూ, రెప్ప వేయకుండా గొర్రెల్ని చూస్తుంది. మంద కదులుతుంది. 1873లో వేల్స్‌లోని బాలాలో జరిగిన, గొర్రెల మందని మళ్ళించే పోటీల నుంచి ఈనాటి అజిలిటీ దాకా దాన్ని గెలిపిస్తున్నది ఆ పట్టుదలే. కానీ మంచం పట్టిన మనిషిని అదే చూపు చూస్తే భయమేస్తుంది. అందుకే బోర్డర్ కోలీని థెరపీకి తీసుకెళ్ళాలంటే ముందు చూపు తిప్పుకోవడం నేర్పాలి. రఫ్ కోలీలు మందల్ని వదిలి ఇళ్ళల్లోకి వచ్చి చాలాకాలమైంది. 1860ల్లోనే విక్టోరియా రాణి వాటిని ముచ్చటపడి పెంచుకుంది. ఆ మెత్తదనం మల్లిలో నాకు రోజూ కనిపిస్తుంది.

మేకల్ని తోలుకుపోయే మన గొల్లలు మల్లిని చూసి, "ఇది మందని మళ్ళిస్తుందా?" అని ఆశగా అడుగుతారు. మన దగ్గర కుక్క మందకి కాపలా ఉంటుంది, మళ్ళించేది మనిషి కేక. ఆ తేడా వాళ్ళకి చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేను.

అపోహ: పోటీలో గెలిచిన కుక్క థెరపీకి కూడా పనికొస్తుంది.

వాస్తవం: ఏ పోటీ అన్నది చూడాలి. డాగ్ షోలో చూసేది ఒడ్డూ పొడుగూ, నడక. అమెరికాలో పేరున్న వెస్ట్‌మిన్‌స్టర్ షోలో 1929లో ఒక కోలీ అన్నిటికన్నా ఉత్తమ కుక్కగా గెలిచింది. అప్పటికి దాని వయసు తొమ్మిది నెలలు. థెరపీ కుక్కల్ని నమోదు చేసే పెట్ పార్ట్‌నర్స్ సంస్థ ఏడాది నిండని కుక్కని అసలు తీసుకోదు.

అజిలిటీ, ఒబీడియెన్స్ (చెప్పిన మాట వినడం) లాంటి పోటీల సంగతి వేరు. వాటికోసం నేర్పిన "కూర్చో", "ఆగు", "వదిలెయ్" వృద్ధాశ్రమంలోనూ కావాలి. నేలమీద మాత్ర పడితే "వదిలెయ్" అనగానే మూతి వెనక్కి తీసుకోని కుక్కని నేను గుమ్మం దాటనివ్వను.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది. అజిలిటీ నేర్పితే కుక్కకి ఉరుకులు అలవాటై థెరపీకి చెడిపోతుందంటారు. కుక్కకి సందర్భం బాగా తెలుస్తుంది. పెరట్లోకి వెళ్ళేటప్పుడు మల్లికి నీలం పట్టీ వేస్తాను. అది చూస్తే చాలు, గెంతుతూ వెళ్ళి వరసగా నిలబెట్టిన పన్నెండు పోల్స్‌లో మొదటిది ఎడమ భుజానికి వచ్చేలా దూరి, పాములా మెలికలు తిరుగుతుంది. వృద్ధాశ్రమానికి మెడలో పసుపు రుమాలు కడతాను. ముడి వేస్తుండగానే తోక కిందికి దించి, నా మోకాలి పక్కన నెమ్మదిగా నడవడం మొదలుపెడుతుంది.

అపోహ: కుక్కకి ఇంగ్లీషులోనే చెప్పాలి.

వాస్తవం: భాష ఏదైనా ఒక్కటే. నేను "కూర్చో" అంటే, ఆశ్రమంలో ఆయా ఒడియాలో "బస" అంటుంది. రెండింటికీ మల్లి కూర్చుంటుంది. అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు గుర్తుపట్టింది. దాని యజమాని, ప్రొఫెసర్ జాన్ పిల్లీ, మూడేళ్ళు నేర్పి 2011లో ఆ సంగతి ప్రకటించారు. ఇంట్లో అందరూ ఒక పనికి ఒకే మాట వాడితే చాలు.

అపోహ: గజ్జి పట్టినా, పిడుదులు పట్టినా ఏ కుక్కకైనా ఆ ఇంజెక్షనే.

వాస్తవం: ఆ ఇంజెక్షన్ పేరు ఐవర్‌మెక్టిన్. మన పల్లెల్లో మేకకీ, ఆవుకీ, కుక్కకీ అదే పొడుస్తారు. చాలా కోలీల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. మందు మెదడులోకి చొరబడకుండా బయటికి తోసే ఒక ప్రొటీన్‌ని తయారుచేసేది ఆ జన్యువే. అది పనిచేయకపోతే మందు మెదడులో పేరుకుపోతుంది. అమెరికాలో పరీక్షించిన కోలీల్లో సుమారు 70 శాతానికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి నుంచి ఈ లోపం వచ్చింది. బోర్డర్ కోలీల్లో అరుదు.

మల్లికి రెండేళ్ళప్పుడు చెవుల దగ్గర గజ్జి వచ్చింది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో ఇంజెక్షన్ చేశారు. నేనూ అడగలేదు. రాత్రికి వెనక కాళ్ళు తడబడ్డాయి. తెల్లారేసరికి చొంగ కారుతోంది, కంటిపాపలు పూర్తిగా విచ్చుకుని నల్లగా ఉన్నాయి. ముఖం ముందు చెయ్యి ఊపినా రెప్ప వేయలేదు. దీనికి విరుగుడు లేదు. సెలైన్ పెట్టి, గంటగంటకీ పక్క మార్చి పడుకోబెట్టి, కళ్ళు ఎండిపోకుండా చుక్కలు వేస్తూ కాచుకోవడమే. నాలుగో రోజు సాయంత్రం నా గొంతు విని తోక కొస కదిపింది. అప్పటిదాకా పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

గుండెపురుగు రాకుండా నెలనెలా ఇచ్చే మాత్రలో ఐవర్‌మెక్టిన్ కిలోకి 6 మైక్రోగ్రాములే, అది కోలీలకి కూడా ప్రమాదం కాదు. గజ్జికి ఇచ్చేది 300 నుంచి 600. ఆ తేడా ప్రాణం తీస్తుంది. మనుషులు విరేచనాలకి వేసుకునే లోపెరమైడ్ మాత్ర కూడా ఈ కుక్కలకి విషమే. కోలీ అయినా, కోలీ కలిసిన సంకరమైనా డాక్టరుకి ముందే చెప్పండి. నేను మల్లి ఫైలు అట్టమీద ఎర్ర సిరాతో రాసిపెట్టాను.

అపోహ: ఎండాకాలం బొచ్చు గొరిగిస్తే చల్లగా ఉంటుంది.

వాస్తవం: పైబొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతుంది. తీయాల్సింది లోపల ఊడి పేరుకున్న మెత్తటి బొచ్చుని, అదీ దువ్వెనతో. కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా వగర్చి తగ్గించుకుంటుంది. మన గోపాలపూర్ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వగర్చినా వేడి సరిగ్గా దిగదు. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా మల్లికి పోటీ సాధన తెల్లవారుజామున మాత్రమే.

అపోహ: థెరపీ అంటే కుక్కని చూసి నాలుగు నవ్వులు నవ్వుకోవడమే.

వాస్తవం: ఆ నవ్వులకీ విలువుంది. అయినా అసలు థెరపీలో ఒక లక్ష్యం ఉంటుంది. మా ఆశ్రమంలో ఒక తాతగారు పట్టు నేసిన మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. రబ్బరు బంతి ఇస్తే విసిరికొట్టేవారు. ఫిజియోథెరపిస్టు ఆలోచించి దువ్వెన ఇప్పించింది. మల్లి చెవి వెనక చిక్కు తగలగానే తాతగారి వేళ్ళు ఆగిపోయాయి. దువ్వెన పక్కన పెట్టి, బొటనవేలితో ఆ చిక్కు వదులు చేసి, చూపుడువేలు మెల్లగా చాపి ఒక్కొక్క పోగూ విడదీశారు. పురి పడిన దారం విప్పినట్టే. పదకొండు నిమిషాలు పట్టింది. "ఉండమ్మా, లాగను" అంటూనే ఉన్నారు. మల్లి కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ వేళ్ళు అన్ని నెలల్లో అంతగా విచ్చుకోవడం అదే మొదలని ఫిజియోథెరపిస్టు చెప్పింది.

అపోహ: కుక్కకి సరదాయే కదా, ఎంతసేపైనా ఉంటుంది.

వాస్తవం: ఉండదు. నిద్ర రాకుండా ఆవలించినా, తిండి లేకుండా మూతి నాక్కున్నా, ముఖం పక్కకి తిప్పుకున్నా "ఇక చాలు" అంటున్నట్టే. పెట్ పార్ట్‌నర్స్ రోజుకి రెండు గంటలు దాటనివ్వదు. మన ఉక్కపోతకి నేను నలభై నిమిషాల్లో బయటికి తెచ్చేస్తాను. పోయిన నెల గేటు దగ్గరే మల్లి ఆగి, నా వైపు చూసి, కూర్చుండిపోయింది. తాతగారు వరండాలో దువ్వెన పట్టుకుని ఎదురుచూస్తున్నారు. లోపలికి ఒక్కదాన్నే వెళ్ళి చెప్పాను. "దానికి బాగోలేదేమో, తీసుకెళ్ళు తల్లీ, దువ్వెన నా దగ్గరే ఉంటుందిలే" అన్నారు. మల్లి మెడలో పసుపు రుమాలు విప్పి ఇంటికి తీసుకొచ్చేశాను.