డబ్బాలో కర్పూరం యాడికి పోయింది?

చిన్నమ్మీ, పెద్దోడా,

మొన్న తిరపతికి వచ్చినప్పుడు దేవుడి గూట్లో కర్పూరం డబ్బా తీసి, "తాతా, దీన్నెవురూ ఎలిగించలేదే, సగానికి సగం ఎట్ట తగ్గిపోయింది?" అని అడిగితిరి. చెప్పబోయేలోపే మీ బస్సుకు టైమైపోయింది. అప్పట్నుంచి అదే నా మనసులో తిరగతా ఉండాది, అందుకే రాస్తా ఉండా.

కర్పూరం సంగతి తెలియాలంటే ముందు ఉప్పు సంగతి చూడాల. బొరుగుల్లో పప్పులు కలిపితే ఏరుకోవచ్చు, అది మిక్చర్, అంటే మిశ్రమం. కాంపౌండు, అంటే సమ్మేళనం, అట్ట కాదు, కలిసినాక పాత గుణాలే పోతాయి. సోడియం నీళ్ళు తగిల్తే భగ్గుమంటాది, దాన్ని కిరసనాయిల్లో పెట్టి దాస్తారు. క్లోరిన్ విషవాయువు, 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల మీదికి వదిలినారు. ఈ రెండూ కలిస్తే మీ అవ్వ సంగట్లో వేసే ఉప్పు! సోడియంకి బయటి వరసలో ఎలక్ట్రాన్ ఒకటే, క్లోరిన్‌కి ఏడుండి, వరస నిండడానికి ఒకటి తక్కువ, ఇది ఇచ్చేస్తాది అది తీసుకుంటాది, ఒకటి ప్లస్సు ఒకటి మైనస్సు అయి గట్టిగా లాక్కుంటాయి. ఎంత గట్టిగా అంటే, నీళ్ళు లేకుండా ఉత్త వేడికే ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాల.

నీళ్ళలో, కర్పూరంలో మాత్రం ఇచ్చిపుచ్చుకోడం లేదు, పంచుకోడమే. పెళ్ళిలో గుండిగను ఇద్దరు చెరో పక్క పట్టుకుని మోస్తారే, అట్ట రెండు పరమాణువులు ఎలక్ట్రాన్ల జతను మధ్యలో పెట్టుకుని పట్టుకుంటాయి, ఆ పట్టునే బంధం అంటారు. కర్పూరం అణువు ఒక్కోదాంట్లో కార్బన్ 10, హైడ్రోజన్ 16, ఆక్సిజన్ 1, మొత్తం 27 పరమాణువులు ఇట్టనే పట్టుకోనుంటాయి.

ఇప్పుడు బాగా వినండి. అణువు లోపల పట్టు గట్టిది, కానీ ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య పట్టు చాలా వదులు. అందుకే ఇంట్లో ఉండే మామూలు వేడికే అణువులు ఒక్కొక్కటే, కరిగి ద్రవం కాకుండానే, నేరుగా గాల్లోకి లేచిపోతాయి, లోపల ఆ 27 పరమాణువుల మధ్య ఒక్క బంధం కూడా తెగదు. మూత తియ్యంగానే ముక్కుకు కొట్టే వాసన అదే, అది సాక్షాత్తూ కర్పూరమే.

ఎలిగిస్తే కథ వేరే. కొండ మీద కర్పూరం ఎలిగించే అఖిలాండం దగ్గర చూసినారు కదా, మంట, నల్ల పొగ. అక్కడ లోపలి బంధాలు తెగి, కార్బన్, హైడ్రోజన్ పోయి గాల్లో ఆక్సిజన్‌ని పట్టుకుని కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి అయిపోతాయి, సరిగ్గా కాలని కార్బనే ఆ మసి. బంధం తెగితే వేడి పుడతాదని శానామంది పిల్లోళ్ళు రాసేస్తారు, నాకు ప్రాణం ఉసూరుమంటాది. తెంచడానికి వేడి మనమే పెట్టాల, అందుకే అగ్గిపుల్ల. కొత్త బంధాలు కట్టుకునేటప్పుడు అంతకన్నా ఎక్కువ వేడి బయటికొస్తాది, మంట నిలబడేది దాంతోనే. ఈ ఒక్క ముక్క మాత్రం మర్చిపోకండి నాయనా.

ఈ హారతి కర్పూరాన్ని నోట్లో మాత్రం పెట్టుకోకండి, అది విషం.

నిన్న డబ్బా మూత తిప్పి చూస్తి. లోపలివైపు తెల్లగా, సన్నగా మెరిసే పొడి అంటుకోనుండాది. వేలితో రుద్ది వాసన చూస్తే అదే కర్పూరం, ఎగిరిపోయింది మళ్ళీ వచ్చి మూతకు గట్టిపడింది. మీ అవ్వను తుడవొద్దని చెప్పి పైన అరలో పెట్టినా, సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దురు.

మీ తాత