ల్యాప్‌టాప్‌తో డ్రోన్ ఎగరేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఇంజనీరింగ్ పిల్లలకు డ్రోన్లు బిగించడం, ఎగరేయడం నేర్పుతుంటాను. "రిమోట్‌కు మళ్లీ ఖర్చెందుకు సార్, ల్యాప్‌టాప్ ఉంది కదా?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ల్యాప్‌టాప్‌తో ఎగరేయొచ్చు. కానీ రిమోట్ పక్కన పడేయమని మాత్రం నేను చెప్పను.

అపోహ: ల్యాప్‌టాపే డ్రోన్‌ను నడుపుతుంది.

వాస్తవం: నడిపేది డ్రోన్ మీదున్న ఫ్లైట్ కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు. ఆర్డుపైలట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన బోర్డు డ్రోన్ ఎటు వాలుతోందో సెకనుకు దాదాపు 400 సార్లు చూసుకుని మోటార్ల వేగం సరిచేస్తుంది. ల్యాప్‌టాప్‌లో నడిచే మిషన్ ప్లానర్, క్యూగ్రౌండ్‌కంట్రోల్ లాంటి సాఫ్ట్‌వేర్లు మావ్‌లింక్ అనే సందేశాల భాషలో "పైకి లే", "ఫలానా చోటికి పో", "దిగు" అని ఆర్డర్లు పంపుతాయి, అంతే. ఆర్డర్లు పంపడానికి ల్యాప్‌టాప్‌లో మీరు రాసిన పైథాన్ ప్రోగ్రామ్ కాస్త నెమ్మదిగా నడిచినా డ్రోన్ తిరగబడకపోవడానికి కారణం ఇదే.

అపోహ: కీబోర్డులో బాణం గుర్తులు నొక్కితే రిమోట్‌తో పనిలేదు.

వాస్తవం: రిమోట్ స్టిక్‌ను వెంట్రుకవాసి కూడా కదపొచ్చు. కీ అలా కాదు, నొక్కితే పూర్తిగా నొక్కినట్టే. యూఎస్‌బీ జాయ్‌స్టిక్ పెడితే ఆ లోటు తీరుతుంది, కానీ వైఫైలో సిగ్నల్ ఆగి ఆగి వెళ్లే ఇబ్బంది అలాగే ఉంటుంది. మ్యాప్ మీద దారి గీసి పంపడానికి ల్యాప్‌టాప్ బాగుంటుంది. చేత్తో తిప్పడానికి రిమోటే కావాలి.

అపోహ: ల్యాప్‌టాప్‌తో లింకు తెగితే డ్రోన్ దానంతటదే క్షేమంగా ఇంటికొస్తుంది.

వాస్తవం: మీరు సెట్ చేస్తేనే వస్తుంది. టెల్లో లాంటి చిన్న డ్రోన్ 15 సెకన్లు కమాండ్ రాకపోతే ఉన్నచోటే దిగిపోతుంది. ఆర్డుకాప్టర్‌లో (ఆర్డుపైలట్‌లో మల్టీకాప్టర్ల భాగం) గ్రౌండ్ స్టేషన్ ఫెయిల్‌సేఫ్, అంటే ల్యాప్‌టాప్ లింకు తెగితే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్, మొదట ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేయాలి. అప్పుడు 5 సెకన్లు లింకు లేకపోతే లేచిన చోటికి వెనక్కి బయల్దేరుతుంది. వచ్చే ఎత్తు, మనం మార్చకపోతే, కనీసం 15 మీటర్లు. వచ్చేది తిన్నగా, వెళ్లిన దారిన కాదు.

ఈ చివరి మాట నాకు కొత్తపట్నం దగ్గర బాగా తెలిసొచ్చింది. సరుగుడు తోట మూల చుట్టూ 10 మీటర్ల ఎత్తులో దారి గీసి పంపి, డ్రోన్‌ను చూస్తూ ల్యాప్‌టాప్ పట్టుకుని నేనూ వెంట నడిచాను. ఎండకు స్క్రీన్ కనపడక మూత వంచాను. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోయి లింకు తెగింది. డ్రోన్ 15 మీటర్లకు లేచి, అంతకంటే ఎత్తున్న సరుగుడు చెట్ల మీదికే తిరిగింది. మెడలో రిమోట్ ఉంది కాబట్టి మోడ్ మార్చి ఆపగలిగాను. ఆ రోజు నుంచి ఎగరేసే ముందు చుట్టూ ఉన్న చెట్ల ఎత్తు చూసి వెనక్కి వచ్చే ఎత్తు మారుస్తాను. ల్యాప్‌టాప్‌లో స్లీప్ ఆపేస్తాను.

అపోహ: ఏ డ్రోన్‌నైనా కంప్యూటర్‌కు కలపొచ్చు.

వాస్తవం: బొమ్మల షాపులో కొన్న వాటిలో చాలావరకు కుదరదు. కమాండ్లు ఏమిటో బయటపెట్టిన డ్రోన్ కావాలి. టెల్లోకు వైఫైలో 8889 పోర్టుకు ముందు "కమాండ్", తర్వాత "టేకాఫ్" అన్న ఇంగ్లీషు మాటలు పంపితే లేస్తుంది. దాని బరువు 80 గ్రాములే కాబట్టి గదిలోనే ఎగరేయండి. మన తీరంలో సాయంత్రం గాలికి అది ఆగదు.

అపోహ: రిమోట్ లేదు కాబట్టి రూల్స్ వర్తించవు.

వాస్తవం: 2021 డ్రోన్ రూల్స్ చూసేది బరువు, ఎగరేసే చోటు, పని. దేంతో నడిపారన్నది కాదు. 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకోవాలి. 2 కిలోల లోపు డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా సరదాగా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లోనైనా (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) అనుమతి లేకుండా 400 అడుగులు దాటకూడదు, డ్రోన్ కంటికి కనిపిస్తుండాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆర్డుపైలట్ సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. మీ ప్రోగ్రామ్‌ను ముందు అందులో నడపండి. తర్వాత అసలు డ్రోన్ మీద, ప్రొపెల్లర్లు విప్పేసి. లింకు కావాలనే తెంపి ఫెయిల్‌సేఫ్ పనిచేస్తోందో లేదో చూశాకే ప్రొపెల్లర్లు బిగించండి.