బయట పడ్డ తునకకి నెత్తురు ఎక్కడిది?

పిల్లలూ,

మొన్న ఫ్యామిలీ గ్రూపులో చిన్నోడు మంచి ప్రశ్న అడిగితే ఎవరూ జవాబు చెప్పకుండా బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. "అక్కకి ఎండోమెట్రియోసిస్ అన్నారు కదా పెద్దమ్మా, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరుగుతోందంట, మరి బయట పడ్డ ముక్క ఎండిపోయి చచ్చిపోవాలి కదా, ఎట్లా బతుకుతోంది?" అని. మగపిల్లలకి ఈ సంగతులెందుకని మీ బాబాయి గొణిగాడు గానీ నేను పట్టించుకోలేదు. కోఠీలో ఇన్నేళ్లు జువాలజీ పాఠాలు చెప్పిన దాన్ని, ఇప్పుడు నోరు మూసుకుంటానా!

ముందు ఆ ముక్క బయటికి ఎట్లా వస్తుందో చూడండి. నెలసరి రక్తం అంతా కిందికే పోతుందనుకుంటాం. కొంత వెనక్కి, ఫెలోపియన్ ట్యూబుల గుండా పొట్టలోకి కూడా పోతుంది, దాంతోపాటు పొర తునకలు కొన్ని. అమెరికా డాక్టరు జాన్ శాంప్సన్ 1920ల్లో చెప్పిన మాట ఇది, అన్ని కేసులకీ ఇదొక్కటే సరిపోదు గానీ ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే దారి ఇదే. తమాషా ఏమిటంటే ఇట్లా వెనక్కి పోవడం చాలామంది ఆడవాళ్లలో మామూలుగా జరిగేదే, జబ్బు మాత్రం సుమారు పదిమందిలో ఒకరికే వస్తుంది. మిగతావాళ్లలో ఒంట్లోని రక్షక కణాలు ఆ తునకల్ని ఊడ్చేస్తాయి. అంటే అసలు చిక్కంతా చిన్నోడు అడిగిన చోటే ఉంది.

ఏ కణమైనా బతకాలంటే ఆక్సిజన్ కావాలి, అది రక్తనాళం నుంచి మహా అయితే 0.1, 0.2 మిల్లీమీటర్ల దూరమే ఇంకుతుంది. పొట్ట లోపలి గోడకో అండాశయానికో అంటుకున్న తునకకి కొత్తలో సొంత నాళం ఉండదు, ఊపిరాడదు. ఊపిరాడని కణంలో హిఫ్ అనే ప్రోటీన్ పోగవుతుంది. ఆక్సిజన్ బాగా ఉన్నప్పుడు కణమే దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంది, లేనప్పుడు అది మిగిలిపోయి కొన్ని జన్యువుల్ని పనిలోకి దింపుతుంది. (కణాలు ఆక్సిజన్ సంగతి ఇట్లా పసిగడతాయని తేల్చినందుకే 2019లో ముగ్గురికి నోబెల్ వచ్చింది.) అట్లా తయారయ్యేవాటిలో వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ముఖ్యమైంది. అది పక్కనున్న రక్తనాళాన్ని తాకితే ఆ నాళం గోడలోని కణాలు పట్టు సడలించి, రెండింతలు నాలుగింతలై, వాసన పట్టినట్టు తునక వైపు పాక్కుంటూ వచ్చి కొత్త గొట్టం కట్టేస్తాయి. దీన్నే యాంజియోజెనెసిస్ అంటారు. మన బస్తీలో పర్మిషన్ లేకుండా గది వేసుకున్నవాడు రాత్రికి రాత్రి మెయిన్ లైనుకి నల్లా కనెక్షన్ కలుపుకున్నట్టే. నీళ్లొస్తే ఇక వాడు కదలడు.

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా ఇదే ఆశ్చర్యం. పెద్దయ్యాక మన ఒంట్లో కొత్త రక్తనాళాలు అంతగా పుట్టవు, ఏ దెబ్బో తగిలి పుండు మానేటప్పుడు తప్ప. గర్భసంచి పొర మాత్రం నెలనెలా రాలిపోయి మళ్లీ నాళాలతో సహా పుట్టుకొస్తుంది. అంటే బయట పడ్డ తునకకి ఈ విద్య పుట్టుకతోనే వచ్చు! ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ దాన్ని ఇంకా ఎగదోస్తుంది. పైగా ఊడ్చేయాల్సిన మాక్రోఫేజ్ కణాలే ఈ జబ్బులో వీఈజీఎఫ్ వదులుతాయి. జబ్బున్నవాళ్ల పొట్టలోని ద్రవంలో వీఈజీఎఫ్ ఎక్కువగా ఉంటుందని చాలా పరీక్షల్లో కనబడింది. లాపరోస్కోపీలో, అంటే పొట్టలోకి సన్నని కెమెరా పెట్టి చూసినప్పుడు, ఈ తునకలే మచ్చల్లా కనబడతాయి; ఎర్రగా ఉన్నవాటిలో నాళాలు ఎక్కువ, బాగా పాతబడి తెల్లబడ్డవాటిలో పుండు మానాక మిగిలేలాంటి గట్టి కణజాలమే ఎక్కువ.

నొప్పి సంగతికొస్తాను. ఆ తునక కూడా హార్మోన్ల మాట వింటుంది, నెలకోసారి అక్కడే రక్తం కారుతుంది, బయటికి పోయే దారి లేదు. చుట్టూ వాపు, పక్క అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం. కొత్త నాళాలకి కారే గుణం ఉంటుంది, వీఈజీఎఫ్‌ని 1983లో మొదట పట్టుకున్నదే నాళాల్ని కారించే పదార్థంగా. వాటి వెంటే సన్నని నరాలు కూడా పెరుగుతాయి. అందుకని అక్క నెలకోసారి కాలేజీ మానేసి ముడుచుకుని పడుకుంటే "నాటకాలు" అన్నవాళ్లు కాస్త సిగ్గుపడాలి. పెళ్లయితే అదే తగ్గిపోతుందని సలహా ఇచ్చినవాళ్లకి నేను విడిగా ఫోన్ చేస్తాలెండి.

మరి ఆ నాళాల్ని కత్తిరించే మందు ఇవ్వొచ్చు కదా అంటారు. క్యాన్సర్ గడ్డలకి నెత్తురు అందకుండా ఆపొచ్చని అమెరికా డాక్టరు జుడా ఫోక్‌మన్ 1971లోనే రాశాడు, ఆ దారిలో వచ్చిన బెవాసిజుమాబ్ అనే మందుని 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కి అమెరికాలో అనుమతించారు. ఎలుకల్లో పెట్టిన ఎండోమెట్రియోసిస్ మచ్చలు కూడా ఇట్లాంటి మందులకి తగ్గాయి. కానీ అండం విడుదలకి, గాయం మానడానికి, కడుపులో బిడ్డ ఎదగడానికి అన్నిటికీ కొత్త నాళాలే కావాలి. ఇరవై ఏళ్ల పిల్లకి వాటన్నిటినీ ఆపేసే మందు ఎవరిస్తారు? అందుకే ఇప్పటికి హార్మోన్ మాత్రలు, నొప్పి మాత్రలు, అవసరమైతే ఆపరేషన్. డైనోజెస్ట్ లాంటివి ఈస్ట్రోజెన్ ఊపుని తగ్గిస్తాయి, మచ్చలు చల్లబడతాయి, ఆపేస్తే కొందరికి మళ్లీ వస్తుంది కూడా. అక్కకి రాసిచ్చిన మాత్ర మానమని ఎవరూ చెప్పకండి, డాక్టరమ్మని అడక్కుండా తనూ మానకూడదు.

స్కానింగ్‌లో ఏమీ కనబడకపోతే జబ్బు లేనట్టేనా అని మీలో పెద్దది మెసేజ్‌లో అడిగింది, దానికి కూడా ఇక్కడే చెప్తాను: ఏమీ లేదంటే జబ్బు లేదని కాదు. అండాశయంలో తిత్తి ఉంటే కనబడుతుంది, పలచటి మచ్చలు చాలాసార్లు కనబడవు. పైగా మచ్చ ఎంత, నొప్పి ఎంత అన్నదానికి లెక్క కుదరదు. కాబట్టి పెద్దదానా, నువ్వు కూడా ఏ తేదీన మొదలైంది, ఎక్కడ నొప్పి, ఏ మాత్ర వేసుకుంటే ఎంతసేపు ఆగింది, బాత్రూముకి వెళ్లేటప్పుడు నొప్పి ఉందా, ఇవన్నీ ఫోన్లో రాసి పెట్టు. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, అమ్మకి చెప్పడానికి మొహమాటమైతే నాకు చెప్పు.

మీ పెద్దమ్మ