బడి గంట తర్వాత టీచరమ్మ: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

శుక్రవారం సంతలో చేపలు బేరమాడుతుంటే వెనక నుంచి ఎవరో నా కొంగు లాగి వదిలారు. తిరిగి చూస్తే మా రెండో తరగతి పిల్ల. నన్ను చూసింది, నా చేతిలో సంచి చూసింది, మళ్ళీ నన్ను చూసి వాళ్ళ అమ్మ వెనక్కి దూరింది. మర్నాడు ప్రార్థన కాకముందే బడి అంతటికీ తెలిసిపోయింది: "టీచర్ చేపలు తింటుంది!" సుద్దముక్కల పొడి తప్ప నేను మరొకటి ముట్టనని అంతవరకు అనుకున్నారు కాబోలు.

ఏడేళ్ళ పిల్లకు ఆ ఆశ్చర్యం ముచ్చటగానే ఉంటుంది. పెద్దవాళ్ళకు కూడా మా గురించి అంతకంటే ఎక్కువ తెలియదని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో పద్దెనిమిదేళ్ళుగా ఎస్జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుగా, పనిచేస్తున్నాను. బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళలో, బ్యాంకు వరుసల్లో విన్న మాటలకు అక్కడికక్కడ జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "మీకేమమ్మా, ఏడాదిలో సగం సెలవులే!"

వాస్తవం: వేసవిలో నెలన్నర, దసరా, సంక్రాంతి. ఇవి దాచిపెట్టేవి కావు, కాదంటే కళ్ళు పోతాయి. అయితే ఈ సెలవులకు మేము కట్టే వెల ఒకటుంది. మాది వెకేషన్ డిపార్ట్‌మెంట్, అంటే ఇలా దీర్ఘ సెలవులుండే శాఖ, కనుక మాకు ఆర్జిత సెలవులు ఏడాదికి ఆరే. అదే మరో ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాకు ముప్ఫై. ఆర్జిత సెలవంటే దాచుకోగలిగేది, అవసరమైతే ప్రభుత్వానికి అప్పగించి డబ్బు తీసుకోగలిగేది. ఆ తేడా ఎంతో పదవీ విరమణ రోజున లెక్క చూసుకుంటే తెలుస్తుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు బడి కనీసం 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు నడవాలి. పాఠాల తయారీతో కలిపి ఉపాధ్యాయుడు వారానికి 45 గంటలు పనిచేయాలి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్నవారి సంగతి మరీ కష్టం. జ్వరం వచ్చినా పక్క ఊరి బడి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేస్తే తప్ప బడికి తాళమే.

అపోహ: "గంట కొట్టగానే పని అయిపోయినట్టే."

గంట కొట్టాక పిల్లలు వెళతారు, యాప్‌లు మిగులుతాయి. 2022 నుంచి మా రాష్ట్రంలో ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకుంటున్నాం. ఎంతమంది భోజనం చేశారు, ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎన్ని ఖర్చయ్యాయి, అన్నీ నమోదు చేయాలి. కొన్నాళ్ళు మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీసి పంపాం. నా ఫోనులో మా అబ్బాయి ఫొటోల కంటే అవే ఎక్కువగా ఉన్న రోజులున్నాయి.

ఆ తర్వాత ప్రయాణం. ఉదయం ఆరున్నరకు పట్నంలో బస్సెక్కి, మండల కేంద్రంలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో తొమ్మిది కిలోమీటర్లు. సాయంత్రం అదే దారి తిరుగు ముఖం. మూడు ఊళ్ళ బడులకు వెళ్ళే నలుగురం ఏళ్ళ తరబడి ఆ ఆటోలోనే కలుస్తున్నాం. ఒక్కొక్కరిదీ ఒకరిద్దరు టీచర్లుండే బడి. అందుకే మా స్టాఫ్ రూమ్ ఏదంటే ఆ ఆటోనే. పీఆర్సీ (జీతాల సవరణ), బదిలీల కౌన్సెలింగ్, అత్తగారి మోకాళ్ళ నొప్పులు, చదవడం రాని నాలుగో తరగతి పిల్లవాడికి ఏ పద్ధతి పనికొచ్చిందన్నది, అన్నీ ఆ తొమ్మిది కిలోమీటర్లలోనే మాట్లాడుకుంటాం. శిక్షణ తరగతుల్లో నేర్చుకున్నదాని కంటే ఆ ఆటోలో నేర్చుకున్నదే ఎక్కువ అంటే మా పైవాళ్ళకు కోపం రావచ్చు.

"పూర్వం మాస్టారు ఊళ్ళోనే కాపురముండేవారు" అని పెద్దలు నిష్ఠూరమాడుతుంటారు. అది నిజమే. ఊళ్ళో ఉన్న మాస్టారికి ఏ పిల్లవాడు రాత్రి పస్తు పడుకున్నాడో తెలిసేది. నాకు మర్నాడు వాడు తరగతిలో కునికిపాట్లు పడితే తప్ప తెలియదు. మా ఆయన ఉద్యోగం పట్నంలో, మామగారి వైద్యం పట్నంలో. పగలు ఒక ఊరు, రాత్రి ఒక ఊరు. పట్నంలో మా వీధివాళ్ళు నన్ను సరిగ్గా ఎరగరు, పల్లెలో నా ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు.

అపోహ: "ఎన్నికల డ్యూటీకేముంది? రెండు రోజులు కూర్చుంటే డబ్బులిస్తారు."

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ మాకు బోధనేతర పనులు అప్పగించకూడదంటూనే మూడింటిని మినహాయించింది: పదేళ్ళకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు. అక్కడితో ఆగదు లెండి. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వేకు ఎస్జీటీలను పంపినప్పుడు ప్రాథమిక బడులు మధ్యాహ్నం వరకే నడిచాయి.

2024 మే 13 నాటి పోలింగ్ చెబుతాను. ముందురోజు పొద్దున్నే పంపిణీ కేంద్రానికి చేరి, యంత్రాల నంబర్లు, కవర్లు, లక్క, దారం, సిరా సీసాలు జాబితా ప్రకారం సరిచూసుకున్నాం. బస్సు మమ్మల్ని ఎవరిదో ఊరి ప్రాథమిక బడిలో దింపేసరికి సాయంత్రమైంది. గోడ మీద అచ్చం మా బడిలో ఉన్నలాంటి జంతువుల చార్టే. దాని కింద చాప పరుచుకుని పడుకున్నాం. కుళాయిలో నీళ్ళు లేవు. ఎదురింటి ఆవిడ బిందె పంపకపోతే ఏమయ్యేవాళ్ళమో. ఐదున్నరకు ఏజెంట్ల ఎదుట మాక్ పోలింగ్. కనీసం యాభై ఓట్లు వేసి, లెక్కపెట్టి చూపించి, అన్నీ తుడిచేసి సీలు వేయాలి. ఏడింటికి అసలు పోలింగ్ మొదలైంది. వేలికి సిరా రాసే పని నాది.

సాయంత్రం ఆరైనా వరుసలో వందమందికి పైగా ఉన్నారు. అప్పుడు చీటీలు పంచాలి. అవి వరుసలో చిట్టచివర ఉన్న మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు పంచుకుంటూ రావాలి. ముందు నుంచి పంచితే తోక పెరుగుతూనే ఉంటుంది. ఆఖరి ఓటు పడేసరికి రాత్రి పదిన్నర. ఆ తర్వాత పోలైన ఓట్ల లెక్క రాసే 17సి ఫారాలు, సీళ్ళు, సంతకాలు. యంత్రాలు అప్పగించడానికి మళ్ళీ బస్సు, మళ్ళీ వరుస. ఇంటికి చేరేసరికి తెల్లవారుజామున నాలుగు. ఓటర్లకు రాసిన సిరా నా బొటనవేలు, చూపుడువేలు గోళ్ళ చుట్టూ పట్టేసింది. పోస్టల్ బ్యాలెట్‌లో ఓటు వేసిన నా చేతి మీద మచ్చ పడకూడని చోట్లన్నీ నల్లబడి, జూన్‌లో బడి తెరిచినప్పటికీ పూర్తిగా పోలేదు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడు "టీచర్, మీరు గోళ్ళు కడుక్కోరా?" అని అడిగాడు. వాడికి పరిశుభ్రత పాఠం చెప్పవలసింది నేను!

అపోహ: "సర్కారు టీచర్లు తమ పిల్లల్ని మాత్రం ప్రైవేటు బడికే పంపుతారు."

దీన్ని అపోహ అనలేను. మా అబ్బాయిని మూడో తరగతి వరకు నా వెంటే ఆటోలో తీసుకెళ్ళాను. ఎండాకాలం ప్రయాణానికి తట్టుకోలేకపోతున్నాడని చెప్పి పట్నంలో ప్రైవేటు బడిలో వేశాం. ప్రయాణం సగం కారణం. మిగతా సగం ఏమిటో ఊళ్ళో ఎవరైనా అడిగితే నేను మాట మారుస్తాను.

అపోహ: "టీచరు ఉద్యోగమంటే భద్రత, హాయి."

ఎవరికి? మా చెల్లెలు కూడా టీచరే, ప్రైవేటు బడిలో. నా కంటే ఎక్కువ పీరియడ్లు చెబుతుంది, నా జీతంలో నాలుగో వంతు తెచ్చుకుంటుంది. నాకు వేసవి సెలవులైతే ఆమెకు అడ్మిషన్ల కాలం. కరపత్రాలు పట్టుకుని ఎండలో గడప గడపకూ తిరగాలి. కరోనా కాలంలో బడులు మూతపడితే ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనులకు వెళ్ళారు. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. సెప్టెంబరు 5న మా ఇద్దరికీ ఒకే రకం పూలదండ వేస్తారు.

అపోహ: "పాఠం తప్ప వీళ్ళకు వేరే లోకం తెలియదు."

తెలుగు భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజున చేసుకుంటున్నాం? గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో కింది తరగతుల మాస్టారుగా చేరారు. అక్కడే సవర గిరిజనుల భాష విని, నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని కొండలెక్కి తిరిగారు. మన్యం జ్వరానికి వేసుకున్న క్వినైన్‌తో చెవుడు వచ్చినా మానలేదు. అదంతా బడి బయటి పనే. అంత గొప్పవాళ్ళం కాకపోయినా మాలోనూ రకరకాల వాళ్ళున్నారు. మా స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బడుల సముదాయంలో, ఒక లెక్కల మాస్టారు శివరాత్రికి పౌరాణిక నాటకంలో వేషం కడతారు. తరగతిలో వెనక బెంచీకి వినబడని ఆ గొంతు కిరీటం పెట్టాక ఊరి చివరికి వినబడుతుంది. ఇంకొకాయన రెండెకరాల మిరప వేసి ఏటా నష్టపోతారు, ఏటా మానేస్తానంటారు.

చివరిగా ఒకటి: "టీచరమ్మకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు."

చేయవచ్చు. తుపాను రాత్రుల్లో పది దాటాక కూడా "రేపు బడి ఉందా?" అని చేస్తారు. చాలాసార్లు సెలవు కబురు మా కంటే ముందు టీవీ చూసేవాళ్ళకే తెలుస్తుంది. మొన్న వానలప్పుడు తొమ్మిదిన్నరకు ఫోను మోగితే అదే అనుకుని విసుగ్గానే ఎత్తాను. వాళ్ళ అమ్మ ఫోనులో నుంచి ఆ రెండో తరగతి పిల్ల.

"టీచర్, అన్నం తిన్నారా?"

తిన్నానన్నాను.

"ఏం కూర?"

వంకాయ అన్నాను. కాసేపు వాన చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

"చేపలు కాదా?" అంది, ఏ మాత్రం నమ్మకుండా.